రెండు తీగల భయం

‘వెహికల్స్’ అనే పల్చటి పుస్తకం 1984లో వచ్చింది. రాసినాయన వాలెంటినో బ్రైటెన్‌బర్గ్. మెదడు నిర్మాణాన్ని చదివిన శాస్త్రవేత్త, జర్మనీలో ట్యూబింగన్‌లో పనిచేశాడు. పుస్తకంలో 14 ఊహా బండ్లుంటాయి, బండికో అధ్యాయం. మొదటిదానికి ఒక సెన్సర్, ఒక మోటారు, అంతే. రెండోదానికి రెండేసి. ఆ అధ్యాయం పేరు మాత్రం భయం, దూకుడు. మూడో బండికి వచ్చేసరికి ప్రేమ!

దీన్ని అందరూ రోబోటిక్స్ అలమరలో పెడతారు. నేను కథల పుస్తకంగానే చదివాను. తర్వాత మేడ్చల్‌లో మా అద్దె ఫ్లాట్‌లో రెండో బండిని కట్టుకుని మళ్లీ చదివాను. రెండోసారి చాలా వాక్యాలు వేరేగా వినిపించాయి.

కట్టడం పెద్ద పనేం కాదు. శామీర్‌పేట దాటి ఏ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌కి వెళ్లినా ఇంతకంటే తెలివైనవి దొరుకుతాయి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న పసుపురంగు గేర్ మోటార్లు రెండు, వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గే ఎల్‌డీఆర్‌లు రెండు, ఒక ఆర్డుయినో, ఒక మోటార్ డ్రైవర్, బ్యాటరీలు. ఎడమ కన్ను ఎడమ చక్రానికి, కుడి కన్ను కుడి చక్రానికి. ఎడమవైపు వెలుతురు ఎక్కువైతే ఎడమ చక్రం జోరుగా తిరుగుతుంది. దాంతో బండి కుడికి మళ్లి వెలుతురుకి దూరంగా పోతుంది, చీకట్లోకి చేరాక నెమ్మదిస్తుంది. ఎల్‌డీఆర్ వైర్లు అటుదిటు మార్చండి. అదే బండి టేబుల్ ల్యాంప్ మీదకి ఉరికి గుద్దేస్తుంది. పిరికిదానికీ కోపిష్టిదానికీ మధ్య ఉన్నది ఆ మార్పొక్కటే.

ఒక సాయంత్రం బాల్కనీ తలుపు తీస్తే ఎండ హాల్లోకి పడింది, బండి మంచం కిందకి దూరింది. పక్క ఫ్లాట్ పాప చూసి “పాపం భయపడ్తుంది అంకుల్, డోర్ వెయ్” అంది.

బ్రైటెన్‌బర్గ్ ఎదురుచూసేది సరిగ్గా ఈ మాట కోసమే. కట్టడం దిగుడు, విశ్లేషణ ఎక్కుడు అంటాడాయన. అంటే, లోపల ఏముందో తెలియనివాడు బయట్నుంచి చూస్తూ, నిజంగా ఉన్నదానికంటే చాలా జటిలమైన యంత్రాంగాన్ని ఊహిస్తాడు. పుస్తక సమీక్షలు రాసేవాడిగా ఇది నాకు గుచ్చుకుంది. ఒక పాత్ర తలుపు వేసుకుందని రాస్తే చాలు, దాని వెనక బాల్యాన్నీ కులాన్నీ ఫ్రాయిడ్‌నీ నిలబెట్టేస్తాం. ఒక్కోసారి అవన్నీ నిజంగానే ఉంటాయనుకోండి. కానీ ఎండ కూడా ఉండొచ్చు కదా.

మన తెరమీది రోబో దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. 2010 నాటి శంకర్ ‘రోబో’లో చిట్టికి మనసు రావాలంటే శాస్త్రవేత్త భావోద్వేగాలు నేర్పాలి, రాక్షసుడవ్వాలంటే ఎర్ర చిప్ పెట్టాలి. మంచైనా చెడైనా ఒంట్లోకి ఎక్కించేదే. సినిమాగా నాకిష్టమే, చిట్టి మీద ఫిర్యాదేం లేదు. కానీ ఆ ఊహలో నేలకీ వెలుతురుకీ గోడకీ పని లేదు. నా బండి పిరికితనంలో సగం వాటా మంచానిది. మంచం జరిపేస్తే అది గదంతా తిరిగి గుమ్మం దగ్గర తచ్చాడుతుంది, అప్పుడు దాన్ని చూసినవాళ్లు “ఎవరికోసమో చూస్తోంది” అంటారు. వైరు ఒక్కటీ మారలేదు! స్వభావం పాత్ర లోపలే పూర్తిగా ఉంటుందని నమ్మే మన కథకులకి ఈ రెండో అధ్యాయం ఒక్కటైనా చదివి వినిపించాలనిపిస్తుంది.

మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. కారెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంతో రోబో అనే మాట లోకంలోకొచ్చింది. దాని మూలం చెక్ భాషలో రొబోటా, ప్రభువుకి ఊరికే చేయాల్సిన చాకిరీ. తెలంగాణలో ఈ మాటకి నిఘంటువు అక్కర్లేదు, వెట్టి. మనం దాన్ని మరమనిషి చేసుకున్నాం. చాకిరీ పోయింది, మనిషి వచ్చి కూర్చున్నాడు. అప్పట్నుంచీ యంత్రం కనపడితే ముఖం వెతుకుతున్నాం. బ్రైటెన్‌బర్గ్ ఎవరికీ చాకిరీ చేయని, ముఖం లేని వాటికి బండ్లు అని పేరు పెట్టి ఆ రెండు బరువులూ దించేశాడు.

ఇంత మెచ్చుకున్నాక పుస్తకంతో నా పేచీ ఏమిటంటే, అది దారిలో చప్పుడు చేయకుండా గేరు మారుస్తుంది. మొదటి బండ్లు ఎవరైనా కట్టగలిగేవి. తర్వాత జ్ఞాపకం కావాల్సొచ్చేసరికి నీమోట్రిక్స్ అని ఒక తీగని కల్పిస్తాడు. కలిసి పనిచేసిన రెండు భాగాల మధ్య దారి దానంతటదే సులువవుతుందట. ఒకదాని తర్వాత ఒకటి జరిగేవాటి కోసం ఎర్గోట్రిక్స్ అని ఇంకోటి. ఇది కల్పిత విజ్ఞానమేనని మొదట్లోనే ఒప్పుకున్నాడు, నిజమే. కానీ గొంతు మాత్రం మారదు. రెండో బండిని చెప్పినంత తేలిగ్గానే చివరి బండి ఆశావాదాన్నీ చెప్తాడు. మంచం కింద చక్రాలాగిపోయిన నా బండిని చూసి సంపాదించుకున్న నమ్మకాన్ని, గల్లీలో ఏ షాపులోనూ అమ్మని తీగ మీద ఖర్చుపెట్టమంటాడు.

ఇంకొకటి, భయం చేసే పనికి రెండు తీగలు చాలని ఆయన చూపించాడు. భయం అంతేనని చూపించలేదు. ఈ పుస్తకాన్ని ఎత్తిచూపుతూ “మనసంటే వైరింగే” అని తేల్చేసే మిత్రులు ఈ తేడాని దాటేస్తారు. ఎండలో నిలబడి డోర్ వెయ్ అన్న పాపకి బండి మీద వచ్చిన జాలి ఏ అధ్యాయంలోకి వస్తుందని అడిగితే, పద్నాలుగింటిలో దేన్నీ చూపించలేరు.