గజ్జల్లో రెండు వేళ్లు

మొన్న ఆదివారం ఇస్నాపూర్‌లో, పాశమైలారం పారిశ్రామికవాడలోని ఓ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటచేసే ఒకామె మనవణ్ని ఒళ్లో బోర్లా వేసుకుని చొక్కా పైకెత్తి చూపించింది. ఎడమ రెక్క కింద కొడవలి వంపులో సన్నటి గీత. పుట్టిన ఆరో రోజున హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారట. చూసి మనసు నిండిపోయింది.

చేతిపని అంటే నాకు మమకారం. ఇంతకు మించిన చేతిపని ఏముంది? గుండె నుంచి లేచిన బృహద్ధమని తలకు, చేతులకు కొమ్మలిచ్చి, వంపు తిరిగి కిందికి దిగుతుంది. ఈ బాబులాంటి కొందరు పిల్లల్లో ఆ వంపు దాటగానే ఎవరో నొక్కినట్టు ఇరుకై ఉంటుంది. పక్కటెముకల సందులోంచి వెళ్లి, ఇరుకుకు అటూ ఇటూ క్లాంపులు బిగించి, ఆ ముక్క కోసేసి, రెండు కొసల్నీ వెంట్రుకలాంటి దారంతో కలిపి కుట్టాలి. క్లాంపు ఉన్నంతసేపూ వెన్నుపాముకు రక్తం తగ్గుతుంది. గొంతుకు వెళ్లే నరం అక్కడే మెలిక తిరుగుతుంది. దానికి దెబ్బ తగిలితే పిల్లాడి ఏడుపు బొంగురుపోతుంది. 1944 అక్టోబరులో స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ మొదటిసారి ఇలా కుట్టాడు. ఇవాళ మన పాత మెదక్ జిల్లాలోనే, కొండపాకలోని సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పిల్లల గుండెలకు పైసా తీసుకోకుండా ఆపరేషన్లు చేస్తున్నారు.

ఇదంతా చెబుతుంటే ఆమె అంది: "డాక్టర్ల చెయ్యి సల్లగుండాలె సార్. గని ముందుగాల పట్టింది సిస్టరమ్మ."

కాన్పయిన మూడో రోజు, ఇంటికి పంపేముందు, ఆ నర్సు బాబు గజ్జల్లో రెండు వేళ్లు ఆనించి కదలకుండా నిలబడిందట. చేతిలో నాడి బాగా కొడుతోంది, గజ్జల్లో అందీ అందనట్టుంది. బాబేమో ఎర్రగా ఉన్నాడు, పాలు తాగుతున్నాడు. కడుపులో ఉన్నప్పటి రక్తనాళం ఒకటి ఇంకా పూర్తిగా మూసుకోకపోవడం వల్ల కిందికి కాస్త రక్తం అందుతోంది. అది మూసుకుంటే గంటల్లో బిడ్డ వాడిపోతాడు. మూసుకోకుండా ఆపడానికి ప్రోస్టాగ్లాండిన్ అనే మందుంది. కానీ ఎవరికో అనుమానం రావాలి కదా.

కుట్టు గురించి రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడు నా లెక్క మారింది. ఆ కుట్టు వేసే చెయ్యి తయారవడానికి ఏళ్లు పడుతుంది, అలాంటి చేతులు మనకున్నాయి. వాటి దాకా బిడ్డను చేర్చేది నిమిషం పాటు ఆగిన రెండు వేళ్లు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీల ఇరుకు గదుల్లోకి ఈ పారిశ్రామికవాడ ఆసుపత్రుల నుంచి రోజూ పసిపిల్లలు వెళ్తుంటారు. ఆ వేళ్లు అందరికీ అందాలి.

మీ ఇంట్లో కాన్పయితే, డిశ్చార్జి కాగితం తీసుకునేముందు ఒక్క మాట అడగండి: గజ్జల్లో నాడి చూశారా?