అవతారికలో కవయిత్రి: మొల్ల వినయం, ముద్దుపళని ఆత్మప్రత్యయం

స్త్రీలు తమ రచనావ్యాసంగాన్ని గురించి తామే చెప్పుకోవడం ఆధునిక యుగంలో, ముందుమాటలతోనూ ఆత్మకథలతోనూ మొదలైందన్న అభిప్రాయం మన విమర్శలో బలంగా ఉంది. తెలుగు కావ్యావతారికలను ఆ దృష్టితో చదివితే ఈ అభిప్రాయం నిలవదు. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణన అనే కట్టుబాట్ల మధ్యనే కవి తన చదువును, తన కవిత్వాదర్శాన్ని ప్రస్తావించే చోటు అవతారిక. ఆ చోటును ముగ్గురు కవయిత్రులు ఎలా వాడుకున్నారో, వారి మాటలను మన సాహిత్యచరిత్ర ఎలా విన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆతుకూరి మొల్ల తన రామాయణాన్ని ఏ రాజుకూ అంకితమివ్వలేదు. కృతిపతి శ్రీరాముడే. అందువల్ల రాజవంశస్తుతికి పోవలసిన పద్యాల స్థలం ఆమెకు మిగిలింది. అక్కడ ఆమె తనకు దేశ్యపదాలు, సంధులు, సమాసాలు, రీతులు, శయ్యలు, ఛందోలంకారాలు తెలియవని, గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని వరం వల్లనే కవిత్వం చెప్పడం నేర్చుకున్నానని అంటుంది. ఈ పద్యాన్ని ఆధారం చేసుకుని మొల్లను 'చదువు లేని కవయిత్రి'గా చిత్రించడం పరిపాటి అయింది. కాని ఆ పద్యంలో ఉన్నది పారిభాషిక పదాల పట్టిక. శయ్యకూ రీతికీ భేదం తెలియనివారు వాటిని విడివిడిగా పేర్కొనలేరు. తెలియదని చెప్పడానికి ఎంచుకున్న మాటలే తెలుసునన్న సంగతిని బయటపెడుతున్నాయి. అవతారిక దాటి అయోధ్యాపుర వర్ణనలోకి వెళ్ళగానే శ్లేషమూలకమైన విరోధాలంకారంతో నడిచే సీసం ఎదురవుతుంది. అలంకారశాస్త్రం తెలియని కలం నుంచి అటువంటి పద్యం వెలువడుతుందనుకోవడానికి చాలా భక్తి కావాలి!

ఇక్కడ పోతనతో పోలిక తప్పనిసరి. తాను పలికేది భాగవతమని, తనచేత పలికించేవాడు రామభద్రుడని పోతన అన్నాడు. కర్తృత్వాన్ని దైవానికి అప్పగించే ఆ భంగిమకూ మొల్ల భంగిమకూ స్వభావంలో తేడా లేదు. వినేవారిలోనే తేడా. పోతన మాటను మనం భక్తితత్త్వంగా చదివాం. 'సహజపాండిత్య' అనేది ఆయనకు బిరుదుగా స్థిరపడింది. మొల్ల మాటను మాత్రం జీవితచరిత్రకు సాక్ష్యంగా, వాఙ్మూలంగా తీసుకున్నాం. ఒకే కావ్యమర్యాద పురుషుడి విషయంలో అలంకారమై, స్త్రీ విషయంలో వాస్తవమై పోయింది. ఆమె సామాజిక నేపథ్యాన్ని గురించిన జనశ్రుతి కూడా ఈ పఠనానికి తోడ్పడింది.

వినయపద్యం మీద పెట్టిన దృష్టిలో సగమైనా మొల్ల కావ్యాదర్శాన్ని ప్రకటించిన పద్యాల మీద పెట్టి ఉంటే బాగుండేది. తేనె తగలగానే నోరు తీపెక్కినట్లు పద్యం వినగానే అర్థం స్ఫురించాలని, గూఢశబ్దాలు గుచ్చిన కావ్యం మూగచెవిటివారి ముచ్చట వంటిదని ఆమె తీర్మానిస్తుంది. సామెతలూ కందువ మాటలూ తెలుగుకు రుచినిస్తాయని కూడా అంటుంది. ఇందులో వినయం ఏ కోశానా లేదు. ఎదుటి కవులను నిలదీసే ఖండితమైన కావ్యసిద్ధాంతమిది. ఆమె దీనిని సర్వత్రా పాటించిందా అంటే, లేదనే చెప్పాలి. పైన చెప్పిన పురవర్ణన నిఘంటువు లేకుండా సాగదు. ప్రబంధరీతిలో తనకూ చేయి తిరిగిందని మొదట నిరూపించుకుని, కథ నడకలోకి దిగాక తన ఆదర్శానికి చేరువైందని నా అభిప్రాయం.

తరిగొండ వెంగమాంబ పద్ధతీ ఇదే. గురువు ఎదుట ఓనమాలైనా దిద్దలేదని, ఛందస్సు అభ్యసించలేదని, తనను పలికించినవాడు తరిగొండ నృసింహుడేనని ఆమె చెప్పుకుంది. ద్విపద భాగవతాన్నీ యక్షగానాలనూ రచించిన కవయిత్రి ఈ మాట అన్నప్పుడు దానిని ఎంతవరకు అక్షరార్థంలో తీసుకోవాలన్న ప్రశ్న భక్తచరిత్రల ధాటికి మరుగున పడింది.

ముద్దుపళని దగ్గరకు వచ్చేసరికి స్వరం పూర్తిగా మారుతుంది. తంజావూరు మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థాన విదుషి అయిన ఈమె 'రాధికాసాంత్వనం' అవతారికలో తంజనాయకి మొదలైన తన వంశపు స్త్రీలను స్మరిస్తుంది. పండితులను ధనకనకాలతో సత్కరించిన స్త్రీ, కృతులు అంకితంగా పొందిన స్త్రీ తనవంటివారిలో మరెవరున్నారని ప్రశ్నిస్తుంది. రాజులకు చెల్లే ప్రశంసను కవయిత్రి తనకే చెప్పుకోవడం ఇది. దైవం మీదికి నెట్టని కర్తృత్వం.

ఈ అవతారికకు పట్టిన గతి గమనించదగింది. 1887లో పైడిపాటి వెంకటనరుసు వ్యాఖ్యతో వెలువడిన ముద్రణలో కొన్ని పద్యాలతోపాటు అవతారికనూ తొలగించారు. శృంగారపద్యాలను తీసివేయడానికి అశ్లీలమన్న సాకు ఉంది. వంశాన్నీ విద్యనూ చెప్పుకున్న భాగంలో అశ్లీలమేముంది? వేశ్య అయిన స్త్రీ తన పాండిత్యాన్ని తానే చాటుకోవడం అంతకన్నా ఇబ్బంది కలిగించి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. వీరేశలింగం పంతులు కూడా కవుల చరిత్రలో ఆమె కవిత్వ పటిమను ఒప్పుకుంటూనే, స్త్రీ నోట రాదగని మాటలు రాశిందని నిందించారు.

బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రాచీనప్రతిని సంపాదించి, తొలగించిన భాగాలను చేర్చి కావ్యాన్ని ప్రచురించారు. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు అక్కరలేదా అని పీఠికలో వీరేశలింగాన్ని ప్రశ్నించారు. రసపుష్టి గల ఈ కావ్యం స్త్రీ రచించినదనీ, అందునా తమ కులంలో పుట్టిన స్త్రీ రచించినదనీ, అందుకే సమగ్రరూపంలో తేవాలనుకున్నాననీ ఆమె ఇచ్చుకున్న కారణం. ముద్దుపళని తన పూర్వస్త్రీలను తలచుకున్న పద్ధతినే నాగరత్నమ్మ పీఠికలో అనుసరించినట్లయింది. ఆ ముద్రణను ప్రభుత్వం నిషేధించింది. ముద్దుపళని తన గురించి తాను చెప్పుకున్న పద్యాలు పీఠికతో సహా నిషిద్ధగ్రంథంలో భాగమయ్యాయి. దేశస్వాతంత్ర్యకాలం దాకా అవి బాహాటంగా పాఠకులకు చేరలేదు.