రంది, నిమ్మళం: మనశ్శాంతిని ఎవరికి వదిలేశాం?

'శాంతి' అనే మాట అభ్యుదయ సాహిత్యానికి కొత్తది కాదు. 1950లో అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా స్టాక్‌హోం విజ్ఞప్తి మీద దేశదేశాల్లో సంతకాలు సేకరించిన రోజుల నుంచీ యుద్ధాన్ని నిరసిస్తూ మన కవులు రాసిన వాటిని ఒకచోట చేరిస్తే పెద్ద సంపుటమే అవుతుంది. ఆ శాంతికి మన విమర్శ పీట వేసింది. అదే మాటకు ముందు 'మనస్సు' చేర్చి 'మనశ్శాంతి' అనగానే మాత్రం మొహం తిప్పుకుంది. అది ఆశ్రమాల సరుకనీ, పలాయనవాదమనీ, కడుపు నిండిన వాళ్ళ జబ్బనీ తేల్చేసింది. ఫలితంగా దేశాల మధ్య శాంతి మన వాటాకు వచ్చింది, మనిషి లోపలి శాంతి స్వాములవారి వాటాకు పోయింది. ఇప్పుడు ఆ రెండో వాటాను వ్యక్తిత్వ వికాసం పుస్తకాలవాళ్ళూ, సెల్‌ఫోన్‌లో ధ్యానం నేర్పే కంపెనీలూ పంచుకుంటున్నారు.

ఈ పంపకాన్ని తిరగదోడాలన్నది నా వాదన. రోజువారీ బతుకులో మనిషికి దొరికే ప్రశాంతత ఒంటరిగా కళ్ళు మూసుకుని సంపాదించుకునేది కాదు. అది తీరికా, కూలీ, నీళ్ళూ, నిద్రా, తోటిమనుషులూ కలిస్తే ఏర్పడే స్థితి. అందుకే అది సామాజిక విషయం. సామాజిక విషయం గనుక అది మన సాహిత్య వస్తువు కూడా.

ముందు భాష సంగతి చూద్దాం. హనుమకొండకు దగ్గరలో వున్న ధర్మసాగర్ మా ప్రాంతం. ఇక్కడి పొలాల్లో, చెరువు కట్ట మీద, బస్సుల్లో 'మనశ్శాంతి' అన్న మాట అరుదుగా వినపడుతుంది. జనం వాడేవి రెండు మాటలు: రంది, నిమ్మళం. "రంది పెట్టుకోకు బిడ్డా" అంటారు. జ్వరం తగ్గితే "పానం నిమ్మళమైంది" అంటారు. గాలివాన తగ్గుముఖం పడితే "జర నిమ్మళించింది" అంటారు. హడావుడిగా నడిచేవాణ్ణి "నిమ్మళంగ రా, ఉరుకుడెందుకు" అని ఆపుతారు. అంటే నిమ్మళం మనసుకు మాత్రమే చెందిన గుణం కాదన్న మాట. అది ఒంటికీ వుంటుంది, వానకూ వుంటుంది, నడకకూ వుంటుంది.

రంది అనే మాట మరీ గమనించదగ్గది. ఎవరైనా రందితో వున్నారంటే వెంటనే పుట్టే ప్రశ్న "దేని రంది?" అని. అప్పు రంది, బిడ్డ పెండ్లి రంది, బోరులో నీళ్ళ రంది, కొడుకు నౌకరీ రంది. కారణం లేని రంది జనం భాషలో లేదు. 'అశాంతి' అనే మాటకు ఈ సుగుణం లేదు. "నాకు అశాంతిగా వుంది" అన్నవాణ్ణి "దేని అశాంతి?" అని ఎవరూ అడగరు. అతన్ని లోపలికి చూసుకోమంటారు. రందిపడే మనిషి వేలు మాత్రం బయటికి చూపిస్తుంది: అప్పిచ్చినవాడి వైపు, ఎండిన బోరు వైపు. ఒక మాట పోయి ఇంకొక మాట వస్తే ఇంత తేడా వస్తుంది.

మన అలంకార శాస్త్రంలో కూడా శాంతం గురించి పెద్ద తగాదా నడిచింది. సాధారణంగా అంగీకరించే పాఠం ప్రకారం భరతుడు చెప్పిన రసాలు ఎనిమిది. శాంతం తొమ్మిదోదిగా తర్వాత చేరింది. అభినవగుప్తుడు దాని పక్షాన గట్టిగా నిలబడ్డాడు. దశరూపకం రాసిన ధనంజయుడు నాటకంలో దానికి చోటివ్వనన్నాడు. అన్ని చేష్టలూ అణగిపోవడమే శాంతమైతే నటుడు రంగం మీద అభినయించేదేమిటి అన్నది ఆ పక్షం ఆక్షేపణ. సాహిత్య విద్యార్థులు ఈ తగాదాను పరీక్షల కోసం చదివి వదిలేస్తారు. అందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటి వుంది. ఆ చర్చకు పునాది నివృత్తి: పని నుంచి, కోరిక నుంచి, లోకం నుంచి వెనక్కి మళ్ళడం. పని చేస్తే తప్ప పొయ్యి వెలగని మనిషికి పని ఆగిపోవడం శాంతం కాదు, పస్తు. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడి పని దొరక్క ఇంటికి మళ్ళినవాడి నివృత్తిలో ఏ రసమూ లేదు. పనిలో వుండే శాంతాన్ని ఆ శాస్త్రం చర్చించలేదు. చర్చించడం మన వంతు.

పనిలో శాంతాన్ని వెదికితే మన ప్రాంతంలో అందరికీ ముందు గుర్తొచ్చే పేరు బమ్మెర పోతన. పదిహేనో శతాబ్దపు ఆ కవిని నాగలి పట్టిన తృప్తమూర్తిగా మన జ్ఞాపకంలో నిలిపినవి చాటువులు, కథలు. సినిమా దానికి బలం చేకూర్చింది. కె.వి.రెడ్డి దర్శకత్వంలో నాగయ్య నటించిన 'భక్త పోతన' 1943లో వచ్చింది. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది ఆ సంవత్సరమే, బెంగాల్‌లో కరువు లక్షల మందిని పొట్టన పెట్టుకుందీ ఆ సంవత్సరమే. అలాంటి రోజుల్లో వున్నదానితో సంతోషంగా దున్నుకునే కవి బొమ్మ జనానికి ఎంత ఊరటనిచ్చిందో ఊహించుకోవచ్చు.

అయితే భాగవత పీఠికలో కనిపించే పోతన వున్నదానితో సర్దుకుపోయిన మనిషి కాదు. ఊళ్ళకూ వాహనాలకూ ధనానికీ ఆశపడి తన కావ్యాన్ని రాజుల చేతిలో పెట్టనని తెగేసి చెప్పిన మనిషి. హాలికులమైతే ఏమిటన్న భావం గల చాటువు ఆయనదే అయినా కాకపోయినా, జనం దాన్ని ఆయన నోట పెట్టడంలో ఒక వివేకం వుంది. నాగలి వుంది గనుక కాదనగలిగాడు. ఆ నిమ్మళానికి భక్తి ఒక ఆధారం, సొంత బతుకుతెరువు మరొక ఆధారం. మొదటి ఆధారాన్ని మాత్రమే మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రెండోది చెప్పగానే ఇంకో ప్రశ్న వేయక తప్పదు: నాగలి తనది కాని జీతగాడి సంగతేమిటి? దొర పొలంలో వెట్టి చేసినవాడు కాదనడానికి వీలేది? వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' (1955) అడిగిన ప్రశ్న ఇదే. కాదనగలిగే శక్తి లేనిచోట తృప్తి మాట్లాడటం ఎదుటివాడికి మౌనం నేర్పడమే. ఆ దృష్టితో పోతననూ ఆళ్వారుస్వామినీ పక్కపక్కన పెట్టి చదవమని విద్యార్థులకు నా సలహా.

ఆధునిక వచనంలో లోపలి కల్లోలాన్ని చిత్రించిన రచన అంటే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' వెంటనే గుర్తొస్తుంది. దాన్ని మనోవైజ్ఞానిక నవల అని పేరు పెట్టి పక్కన పెట్టేస్తుంటారు. సీతారామారావు కల్లోలం శూన్యంలో పుట్టింది కాదు. వంశ ప్రతిష్ఠ కోసం ఆస్తి కరగబెట్టుకున్నవాడి కల్లోలం అది. ప్రతిష్ఠ పోయాక, పని చేయడం రాక, మనుషులతో కలవడం చేతకాక అతను చివరకు శ్మశానంలో ముగిసిపోతాడు. నవల శక్తి అంతా "దేని రంది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడంలోనే వుంది.

చలం సంగతి ఇంకా కష్టమైనది. 'మహాప్రస్థానా'నికి యోగ్యతాపత్రం రాసిన మనిషి 1950లో అరుణాచలం వెళ్ళి, 1979లో చనిపోయేదాకా అక్కడే వుండిపోయాడు. మనవాళ్ళలో చాలామంది దీన్ని ఓటమిగా లెక్కకట్టారు. విమర్శ అంత తొందరపడనక్కర లేదు. స్త్రీ పురుషుల బతుకులో అబద్ధం పోవాలని అన్నందుకు సమాజం ఆయనకు ఎక్కడా నిలువనీడ లేకుండా చేసింది. ఎదురు నిలిచిన మనిషికి తోడు కట్టలేకపోయిన ఉద్యమాలకు, అతను శాంతి కోసం కొండ దగ్గరికి వెళ్ళినప్పుడు నవ్వే హక్కు లేదు. అంతమాత్రాన ఆ దారి అందరిదీ కాజాలదు. పొలం వదిలి, పిల్లల్ని వదిలి, అప్పుల్ని వదిలి వెళ్ళడానికి జనానికి అరుణాచలం లేదు.

ఆ మాట ఎంత నిజమో మా జిల్లా 1997–98లో చూసింది. అప్పటి వరంగల్ జిల్లా అంతటా పత్తి వేశారు. విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పు మీద తెచ్చారు. చాలామందికి ఆ అప్పిచ్చింది బ్యాంకు కాదు, మందు అమ్మిన వ్యాపారే. బోర్లలో నీళ్ళు లేవు. లద్దెపురుగు విరగబడి, ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. ఆ ఒక్క కాలంలో వందలమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగును చంపని మందు మనిషిని చంపింది. "రంది పెట్టుకొని సచ్చిండు" అని ఊళ్ళల్లో అనుకున్నారు. ఇదే మాటను పెద్దమనుషుల భాషలో చెబితే 'మనోధైర్యం లోపించింది' అని అవుతుంది. మొదటి మాటలో "దేని రంది?" అన్న ప్రశ్న బతికే వుంది. రెండోదానిలో నేరం చచ్చినవాడి మీదికే పోయింది. ఆ రైతుకు ఊపిరి లెక్కపెట్టుకోవడం నేర్పితే ఏం ఒరిగేది? అతనికి కావలసింది వడ్డీ లేని అప్పు, పని చేసే మందు, పంటకు ధర, పక్కన కూర్చునే నలుగురు. చివరిది తక్కువదేం కాదు. అప్పు సంగతి ఇంట్లో చెప్పుకోలేని ఒంటరితనం కూడా ఆ మరణాల్లో వుంది. దాన్ని చెప్పగలిగేది లెక్కల పట్టిక కాదు, కథ.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అసంతృప్తి వుంటేనే గదా మనిషి పోరాడతాడు, నిమ్మళంగా వున్నవాడు జెండా ఎందుకు పడతాడు అని మిత్రులు అడగవచ్చు. ఇది చూపుకు బలంగానే వుంటుంది. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. 1886లో షికాగో కార్మికులు అడిగిందేమిటి? రోజుకు ఎనిమిది గంటల పని. మిగిలిన దానిలో ఎనిమిది గంటలు విశ్రాంతికి, ఎనిమిది గంటలు తమ ఇష్టానికి. అంటే మేడే పుట్టిందే నిమ్మళం కోసం. విశ్రాంతిని హక్కుగా అడిగిన మొదటి మనుషులు యోగులు కాదు, కార్మికులు. అలసి సొలసి, ఒంటరై, రందిలో మునిగినవాడు పోరాడడు. అతను మందుడబ్బా మూత తీస్తాడు.

పనిలో శాంతం ఎలా వుంటుందో తెలుసుకోవడానికి క్రిస్టఫర్ కాడ్వెల్‌ను మళ్ళీ చదవాలి. స్పెయిన్ యుద్ధంలో చనిపోయిన ఆ యువకుడి 'ఇల్యూజన్ అండ్ రియాలిటీ' 1937లో వచ్చింది. ఇంకా చేతికి రాని పంటను పాట ముందే అనుభూతిలోకి తెచ్చి, మనుషుల్ని ఒక్కటిగా పనికి సిద్ధం చేస్తుందని ఆయన సిద్ధాంతం. ధర్మసాగర్ పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళను చూస్తే ఇది పుస్తకాల ముచ్చట కాదని తెలుస్తుంది. నడుం వంచి, బురదలో, ఎండలో చేసే పని అది. ఒకరు అందుకుంటే పదిమంది అనే పాట ఆ నొప్పిని మాయం చేయదు గానీ పంచుతుంది. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టే తొమ్మిది రోజులూ అంతే. ఆ నిమ్మళం లయలో వుంది, పక్క మనిషి చేతిలో వుంది. దాన్ని మరీ తియ్యగా రాయడం కూడా తప్పే. నాటు కూలి ఎంత, పాట అయ్యాక ఇంటికెళ్ళి వంట చేసేది ఎవరు అన్నది వదిలేస్తే జానపదం క్యాలెండరు బొమ్మ అవుతుంది.

చెరువు గురించి కూడా ఇదే హెచ్చరిక. సాయంత్రం ధర్మసాగర్ కట్ట మీద నిలబడితే ఎవరికైనా మనసు తేలికపడుతుంది. పట్నం నుంచి అందుకోసమే వస్తారు. కవిత్వంలో ఆ చెరువు నిశ్చలమైన అద్దమై వస్తుంది. ఆ నీళ్ళు ఊరికే నిలబడి లేవు. దేవాదుల ఎత్తిపోతల పథకం కింద గోదావరి నుంచి మోటార్లు ఎత్తిపోస్తే వచ్చిన నీళ్ళు కూడా అందులో వున్నాయి. హనుమకొండ, వరంగల్, కాజీపేటల తాగునీటికీ, కాలువల కింద పంటకూ అవే నీళ్ళు. చెరువు నిండితే రైతు రాత్రి నిద్రపోతాడు, తగ్గితే కట్ట మీదికి వచ్చి చూసిపోతాడు. చూడవచ్చినవాడి శాంతాన్నీ, చూసిపోయినవాడి రందినీ ఒకే కవితలో పెట్టగలిగినప్పుడే చెరువు మీద కవిత్వం రాసినట్టు.

హనుమకొండలో బతికిన కాళోజీ తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నాడు. 1953లో వచ్చిన ఆ పుస్తకం పేరు నేను చెబుతున్న సిద్ధాంతానికి దగ్గరి దారి. లోకం గొడవ వదిలించుకుంటే శాంతి అన్నది ఒక దారి. లోకం గొడవను నాదనుకుంటే నా రంది ఒంటరిది కాకుండా పోతుంది, పంచుకున్న రంది మొయ్యగలిగినదవుతుంది అన్నది రెండో దారి. జైలుకు పోయిన, జీవితమంతా తిట్టిన, బాహాటంగా కన్నీళ్ళు పెట్టుకున్న ఆ మనిషిని ప్రశాంతుడని ఎవరూ అనరు. తన చుట్టూ చేరినవాళ్ళకు మాత్రం ఆయన ధైర్యంగా వుండేవాడు.

రచయితలకు నేను చెప్పదలచుకున్నది కొంచెమే. మన కథల్లో శ్రామికుడు కోపంగా కనిపిస్తాడు, ఆకలిగా కనిపిస్తాడు, చనిపోతూ కనిపిస్తాడు. కంటినిండా నిద్రపోతూ, ఒక పూట తీరిగ్గా గోడకు ఆనుకుని కూర్చుంటూ దాదాపు కనిపించడు. ఆ పూట అతనికి ఎలా దొరికింది, ఎవరు దాన్ని లాక్కోబోతున్నారు, ఎవరు కాపాడారు అని రాయండి. నిమ్మళం అంటే ఏమిటో పాఠకుడికి ఒక్కసారి తెలిస్తే, దాన్ని పోగొట్టేవాళ్ళెవరో విడిగా ఉపన్యసించి చెప్పనక్కర లేదు.