చెవిలో కథ, కాళ్లలో పరుగు

వ్యాయామం యాప్‌లు చాలావరకు లెక్కలు చెబుతాయి: ఎన్ని అడుగులు, ఎన్ని కేలరీలు. లండన్‌లోని సిక్స్ టు స్టార్ట్ సంస్థ 2012లో విడుదల చేసిన ‘జాంబీస్, రన్!’ యాప్ మాత్రం కథ చెబుతుంది. నవలా రచయిత్రి నయోమీ ఆల్డర్‌మన్, గేమ్ రూపకర్త ఏడ్రియన్ హాన్ కలిసి దీన్ని తయారుచేశారు. ఆల్డర్‌మన్ చేరిన పరుగు నేర్పే క్లాసులో, ఎందుకు చేరారని అడిగితే జాంబీల నుంచి, అంటే లేచి తిరిగే శవాల నుంచి, తప్పించుకోవడానికి అని ఒకామె చెప్పిందట. ఆమెకు కథ బీజం అక్కడే దొరికింది.

మొదటి ఘట్టంలోనే మనం ఎక్కిన హెలికాప్టర్ కూలిపోతుంది. చుట్టూ జాంబీలు. రేడియోలో శామ్ యావో అనే కుర్రాడు కంగారుకంగారుగా దారి చెబుతుంటాడు, ఏబెల్ టౌన్‌షిప్ అనే ఊరు చేరుకోమంటాడు. ఈ కథలో మనకు పేరు లేదు, ‘ఐదో నంబరు రన్నర్’ అంతే. మనం ఒక్క మాటా మాట్లాడం. రచనలో అసలు నేర్పు ఇదే. ఆయాసపడే మనిషి ఎలాగూ మాట్లాడలేడు. పేరు లేని పాత్రలో ఆడవాళ్లూ మగవాళ్లూ, కుర్రవాళ్లూ పెద్దవాళ్లూ ఎవరైనా ఇమిడిపోతారు.

కథ ఏకబిగిన సాగదు. కొంత వినిపించి, మనం ఎంచుకున్న పాటకు చోటిస్తుంది. పాట అయ్యాక మళ్లీ అందుకుంటుంది. సరిగ్గా ఉత్కంఠ దగ్గర తెంచడం వల్ల, ఆగిపోదామనుకున్నవాళ్లు కూడా ఇంకో పాట దాకా పరిగెడతారు. దారిలో దొరికిన సామాన్లతో తర్వాత ఊరిని పెంచుకోవచ్చు.

ఇక వెంటాడే ఘట్టాలు. జాంబీల గుర్రుమనే చప్పుడు దగ్గరవుతుంటుంది. ఒక నిమిషం పాటు మన వేగాన్ని 20 శాతం పెంచాలి. కొలత మన వేగమే కాబట్టి నడిచేవాళ్లకూ, పరిగెత్తేవాళ్లకూ పరీక్ష సమానమే. దొరికిపోతే కొన్ని సామాన్లు పోతాయి, కథ మాత్రం ఆగదు. వద్దనుకుంటే ఈ ఘట్టాలను తీసేయవచ్చు. కాసేపు వేగం, కాసేపు నెమ్మది: శిక్షకులు చెప్పే ఇంటర్వల్ ట్రైనింగే కథలో కలిసిపోయింది. ఓడినవాళ్లను చిన్నబుచ్చకుండా మళ్లీ పరిగెత్తించడం దీని గొప్పతనం.

గొంతుతోనే దృశ్యం కట్టడం ఆకాశవాణి నాటకాలు విన్న మనకు కొత్త కాదు. మన రచయితలు, ప్రోగ్రామర్లు కలిసి కూర్చుంటే తెలుగులోనూ ఇలాంటి పరుగు కథ వస్తుంది. ఎవరైనా పూనుకోవాలి.