సున్నం పొరలు

పదేళ్ల కిందట మా ఊళ్లో పాతింటి రాతిగోడకు సిమెంటు పూత వేయించాను. గోడ గట్టిపడుతుందనుకున్నాను. రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగంతా చెమ్మ, పెచ్చులు. సున్నంతో కట్టిన గోడ లోపలి తడిని మెల్లగా బయటికి వదిలేస్తుంది. ఆ దారిని సిమెంటు మూసేసింది. అప్పట్నుంచి ఏ పాత ఇంటికి వెళ్లినా నా కళ్లు ముందు గోడల మీదికే పోతాయి.

ఇంగ్లండ్‌లో, డెర్బీషైర్‌లో, వై నది ఒడ్డున ఉన్న హాడన్ హాల్‌కు వెళ్లినప్పుడూ అంతే. వెర్నన్ కుటుంబం 12వ శతాబ్దంలో అక్కడ కాపురం పెట్టింది. తర్వాత రాజైన జాన్, వాళ్లకు ప్రహరీ కట్టుకునే అనుమతి ఇస్తూ రెండు షరతులు పెట్టాడు: ఎత్తు 12 అడుగులు దాటకూడదు, పైన కోటకొమ్మలు ఉండకూడదు. ఇల్లు కట్టుకోండి, కోట మాత్రం వద్దు అన్నమాట. 14వ శతాబ్దంలో రెండు వాకిళ్ల నడుమ భోజనశాల లేచింది. డొరొతీ వెర్నన్ భర్త జాన్ మానర్స్ చేతికి ఇల్లు వచ్చాక 110 అడుగుల పొడవాటి హాలు చేరింది. దాని కిటికీల్లో చిన్నచిన్న గాజు పలకలు ఒక్కోటి ఒక్కో వైపు ఒరిగి ఉంటాయి. ఎండ పడితే ఆ అద్దాల మీద వెలుగు ముక్కలు ముక్కలుగా కదులుతుంది. నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఏ తరమూ పాతదాన్ని పూర్తిగా పడగొట్టలేదు, దానికి ఆనించి కట్టుకుంటూ పోయింది. అతుకులు కంటికి కనిపిస్తూనే ఉంటాయి.

1703లో మానర్స్ వంశం వాళ్లు డ్యూకులయ్యారు. వాళ్ల కాపురం బీవర్ కోటలో. హాడన్ దాదాపు రెండు వందల ఏళ్లు పాడుబడి ఉంది. కొద్ది మైళ్ల దూరంలోని చాట్స్‌వర్త్ భవనాన్ని మాత్రం 1687 నుంచి కొత్త అభిరుచికి తగ్గట్టు తిరగకట్టారు. హాడన్ దక్కింది ఎవరూ బాగుచేయకపోవడం వల్లేనని నా నమ్మకం.

20వ శతాబ్దం మొదట్లో మానర్స్ వంశపు తొమ్మిదో డ్యూక్ ఎంతో ఓపికగా మరమ్మతులకు పూనుకున్నాడు. ప్రార్థనాలయం గోడల మీద మత సంస్కరణ కాలంలో కొట్టిన సున్నం తీయిస్తే, కింద 15వ శతాబ్దపు బొమ్మలు! నది దాటుతున్న సెయింట్ క్రిస్టఫర్ చెక్కుచెదరకుండా ఉన్నాడు. చెరిపేద్దామని కొట్టిన సున్నమే ఆయన్ని కాపాడింది.

ఈ వేసవిలో మా గోడ సిమెంటు చెక్కిస్తున్నాను. రాలిన పెచ్చుల అంచుల్లో ఏటేటా సంక్రాంతికి వేసిన సున్నం పొరలు కనిపిస్తున్నాయి. తెలుపు, తెలుపు, మధ్యలో ఒక్క నీలం. అది అమ్మ పెళ్లికి వేసిన రంగని పెద్దమ్మ చెప్పింది. ఆ పెచ్చు దాచిపెట్టమని మేస్త్రీకి చెప్పాను.