రాగిరేకుపై ఉలి

మగ్గముల చప్పుడుతో మేల్కొను మా బండారులంకకు అనతిదూరమున నందంపూడి యున్నది. 1053లో వేంగీ చాళుక్యరాజగు రాజరాజనరేంద్రుడు దానిని నారాయణభట్టునకు అగ్రహారముగా నొసగిన శాసనమును నన్నయభట్టు రచించెనని అందరు నెఱుగుదురు గాని, ఆ వాక్కును రాగిలో నిలిపిన చేతిని తలచువారు అరుదు. రాగిని సాగగొట్టి రేకులుగా దిద్ది, ఒండొంటి రాపిడికి అక్షరములు అరగకుండ అంచులను కొంచెము పైకెత్తి, రంధ్రములగుండ కడియము దూర్చి, దాని కొనలను వరాహలాంఛనమును 'శ్రీ త్రిభువనాంకుశ' బిరుదమును గల ముద్రలో బిగించుట ఎంత యోచనతో గూడిన పని! కడియము కోయనిదే, ముద్ర పెకలింపనిదే ఏ రేకును మార్చుటకు వీలులేదు. తాటాకుపై గంటము సులువుగా సాగును. రాగి యడుగడుగున నెదిరించును. ఐనను ఆ యులి సున్నను గుండ్రముగనే త్రిప్పినది. ఆనాటి ఐరోపా రాజులును మఠములకు భూములిచ్చి, తోలుపై సిరాతో వ్రాయించి మైనపు ముద్ర వేయించిరి. చెద ముట్టని మన రేకులే నాకు మిన్నగా తోచును. వేంగీ చాళుక్యుల పలు శాసనములలో వంశస్తుతి యంతయు సంస్కృతమున సాగినను, పొలిమేరల చెట్టును పుట్టను గుంటను చెప్పవలసినచోట భాష తెనుగైనది. ఆ పంక్తులను చెక్కునప్పుడు ఒక్క యక్షరము తప్పినను రైతు గట్టు తగవులో పడును.