టార్చి వెలుగులో యాభై ఎంఎం

అబిడ్స్‌లో పాత కెమెరాలు అమ్మే మనిషి లెన్సును చేతిలోకి తీసుకునే తీరు చూసి తీరాలి. రెండు మూతలూ తీసి, టార్చి వెలుగు ఏటవాలుగా లోపలికి కొట్టి, గాజు మీద సాలెపోగుల్లా అల్లుకునే ఫంగస్ ఉందేమోనని వెతుకుతాడు. అపర్చరు రేకుల మీద నూనె మెరిసిందా, మారు మాట్లాడకుండా పక్కన పెట్టేస్తాడు. ఫోకస్ రింగు తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. పిల్లల ఫొటోలకని చెబితే చాలు, ఖరీదైన జూమ్ అంటగట్టే వీలున్నా, 50 ఎంఎం ఎఫ్ 1.8 తీసి ముందు పెడతాడు. ఆ నిజాయితీ నాకు ముచ్చటేస్తుంది. కెమెరాతో వచ్చే 18-55 జూమ్ 55 దగ్గర ఎఫ్ 5.6ను మించి తెరుచుకోదు. ఈ చిన్న లెన్సు దానికి దాదాపు 10 రెట్ల వెలుగు రానిస్తుంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల నీడన పరుగెత్తే పిల్లను సెకనులో 500వ వంతులో పట్టుకోవాలంటే ఆ వెలుగే ఆధారం. చిన్న సెన్సారు కెమెరాలో ఇది 75-80 ఎంఎం లెన్సులా పనిచేస్తుంది కనుక మరీ మీదికి వెళ్ళక్కర్లేదు, ముక్కు పెద్దదిగా పడదు, వెనక జనం మెత్తగా కరిగిపోతారు. రెండు కళ్ళూ స్పష్టంగా కావాలంటే మాత్రం ఎఫ్ 2.8 పెట్టుకోవాలి. నికాన్ వాళ్ళకు ఒక్కమాట: డి 3000, డి 5000 వరుస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ‘డి’ రకం లెన్సులోనూ అది ఉండదు, చవకని కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ‘జి’ రకం అడగండి. మీ కెమెరా వెంట తీసుకెళ్ళి, బిగించి చూశాకే డబ్బివ్వండి.